సీనాకి, అగ్గిపెట్టె సంగతి

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సీనా,

ముందు తిట్టుకో, ఆ తర్వాత చదువు. మూడు నెలలైంది నీకు రాసి, తప్పు నాదే. మీ చిన్నాన్న ఈ రాత్రి చెన్నైలో ఫ్లైటెక్కుతున్నాడు కదా, నాలుగింటికి కారు మా వీధిలోకే వస్తుంది, ఊరగాయ సీసాతో పాటు ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నిన్న రాత్రి రెండుసార్లు నీ నంబరు నొక్కి పెట్టేశాన్రా, గొంతు పట్టేస్తోంది.

ఇక్కడంతా బాగున్నారు. నాన్నకి షుగరు అదుపులో ఉంది, మీ అమ్మ మోకాలు పర్వాలేదు, మామిడి ఈసారి కాపు తక్కువ. వార్తలు అయిపోయాయి.

నిన్న అక్క కొడుకుని, మన బుడ్డోణ్ణి, కోర్టుకి తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్నకి చూపించడానికి.

అవును, నేనే. పోయిన సంవత్సరం దీపావళికి నువ్వొచ్చినప్పుడు మనిద్దరం మిద్దె మీద కూర్చుని ఏమన్నామో గుర్తుందా? "అక్కను అంత ఏడిపించినోడు పిల్లోడి ముఖం ఎట్లా చూస్తాడో మనమూ చూద్దాం" అన్నాం. నువ్వూ అన్నావు, నేనూ అన్నాను. ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను ఇన్నాళ్ళూ. బావ ఫోన్ చేస్తే కట్ చేసేవాణ్ణి, ఒకసారి మన వీధి చివరిదాకా వస్తే వెనక్కి పంపించేశాను. ఎనిమిది నెలలుగా పైసా పంపనోడికి కొడుకు ఎందుకు అని నా లెక్క.

తర్వాత ఆయన బెంగళూరు నుంచి వచ్చి, పిల్లోణ్ణి చూపించమని ఇక్కడి కోర్టులోనే కేసు వేశాడు. బెంగళూరులో వేయడానికి లేదంట, పిల్లవాడు మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో ఆ ఊరి కోర్టులోనే వేయాలంట. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది ఈ మాట, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ అదే నడుస్తోంది. అక్క దగ్గర ఫీజుకి డబ్బు లేదు కదా, న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళే లాయరమ్మను ఇచ్చారు. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది, 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. మీ పెద్దమ్మ కూతురు విషయం కూడా అట్లాగే ఉందన్నావు కదా, ఈ నంబరు ఇవ్వు, మర్చిపోకు.

ఆ లాయరమ్మతో నేను ఎంత వాదించానో! "మేడమ్, ఆయన డబ్బు పంపట్లేదు, మేమెందుకు చూపించాలి?" అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి "భరణం కేసు వేరు, ఇది వేరు" అంది. డబ్బు ఇవ్వకపోతే దానికి వేరే పిటిషన్ ఉంది, ఇదివరకు సీఆర్‌పీసీలో 125 సెక్షన్ అనేవాళ్ళే, 2024 జులై నుంచి అది దాని బదులు వచ్చిన కొత్త చట్టంలో 144 అయింది. అది వేద్దాం, గట్టిగానే వేద్దాం, కానీ డబ్బు రాలేదని పిల్లోణ్ణి దాచిపెట్టకూడదు అంది. కోర్టు ఆర్డరు ఇచ్చాక కూడా చూపించకపోతే అక్క మీదే కోర్టు ధిక్కారం పడుతుందని, రేపు కస్టడీ విషయంలో అది అక్కకే చేటని చెప్పింది.

"ఐదేళ్ళలోపు పిల్లలు తల్లి దగ్గరే ఉండాలి కదా మేడమ్" అన్నాను, ఎవరో చెప్పగా విని. అది హిందూ పిల్లల సంరక్షణ గురించిన 1956 చట్టంలో ఉన్న మాటే, మామూలుగా తల్లి దగ్గరే అని. వీడికి ఆరు నిండాయి, అదొకటి. పైగా తల్లి దగ్గర ఉండటం అంటే తండ్రి చూడకూడదని కాదంట. ఆ చట్టంలోనే పిల్లవాడి మంచే అన్నిటికన్నా ముందు అని రాసి ఉంది. అమ్మ హక్కు, నాన్న హక్కు దాని తర్వాతే. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందంట, పెద్దవాళ్ళ యుద్ధంలో పిల్లలు ఇద్దరి ప్రేమా పోగొట్టుకోకూడదని, దూరంగా ఉన్న తల్లి గానీ తండ్రి గానీ రోజూ ఐదు పది నిమిషాలైనా పిల్లలతో మాట్లాడాలని, వీడియో కాల్ అయినా సరే అని. విన్నాను. విన్నానే గానీ మనసు ఒప్పుకోలేదురా. కాగితం మీది మాటలు అనుకున్నాను.

ఆర్డరు ఇట్లా వచ్చింది: నెలలో మొదటి శనివారం, మూడో శనివారం, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, కోర్టు ఆవరణలోనే. ఇది తాత్కాలికమే, మూడు నెలలు చూసి మారుస్తారు. "తల్లి గానీ, ఆమె పంపినవాళ్ళు గానీ" పిల్లవాణ్ణి తేవచ్చని లాయరమ్మే అడిగి రాయించింది, ఎందుకంటే అక్క రాలేనంది. ఆయన్ని చూస్తే చేతులు వణుకుతాయంది. అది కూడా నిజమే కదా. నేను బావ మంచోడని రాయడం లేదు సీనా, ఆ విషయంలో నా మాట మారలేదు.

నిన్న ఆటోలో కూర్చున్నప్పటి నుంచి వీడి నిక్కరు జేబులో ఏదో లొడలొడమంటోంది. ఏమిట్రా అంటే జేబు మీద చెయ్యి పెట్టుకుని కిటికీ వైపు, అదే, ఆటో బయటికి చూస్తున్నాడు. గోళీ అనుకున్నాను.

గదిలో రెండు బల్లలు, ఒక నీళ్ళ క్యాను. రిజిస్టర్లో సంతకం చేయించుకున్న మేడమ్ నన్ను వరండాలో కూర్చోమంది, పిల్లవాడికి కనిపించేంత దూరంలో. బావ అప్పటికే వచ్చి ఉన్నాడు. రాత్రి బస్సుకి వచ్చినట్టున్నాడు, చొక్కా నలిగిపోయి ఉంది. మనిషి చిక్కిపోయాడు. ఒకప్పటి బావ నాకు ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాడు, నువ్వుంటే నీకూ వచ్చేవాడు.

వీడు వెళ్ళలేదు. నా చొక్కా చివర పట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. పోయిన దసరాకి ముందు చూశాడు నాన్నను, అంతే. ఇరవై నిమిషాలు పైనే అయింది. నిజం చెప్తున్నాను, లోపల నాకు సంతోషమేసింది, చూశావా, వాడికే ఇష్టం లేదు అని. లాయరమ్మ ముందే చెప్పింది, తోయొద్దు, లాగొద్దు, ఇంటికొచ్చాక మీ నాన్న ఏమన్నాడని ఆరా తీయొద్దు అని.

బావ పిలవలేదు. చెప్పులు విప్పి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సంచీలోంచి ఉడకబెట్టిన చెనక్కాయలు తీసి, పేపరు పరిచి, ఒక్కొక్కటీ ఒలిచి గింజలు వరసగా పెడుతున్నాడు. రైలు పెట్టెల్లాగా. వీడు చూస్తున్నాడు. కాసేపటికి నా చొక్కా వదిలాడు. ఇంకాసేపటికి వెళ్ళి వరస చివర ఉన్న గింజ తీసుకుని నోట్లో వేసుకుని పక్కకి నములుతున్నాడు.

"ముందు పన్నేదిరా?" అన్నాడు బావ.

అప్పుడు తీశాడు సీనా జేబులోంచి. అగ్గిపెట్టె. లోపల కొంచెం దూది, దూదిలో పాలపన్ను. పదిహేను రోజుల కింద ఊడిందిరా అది! అవ్వ పేడలో పెట్టి మిద్దె మీదికి వేయమంటే, ఎక్కడో పడిపోయిందని ఏడ్చాడు, ఇల్లంతా వెతికాం, అవ్వ చీపురు పట్టుకుని మంచం కింద కూడా ఊడ్చింది. వీడి దగ్గరే ఉంది. "నీకు చూపించి వేద్దామని దాచిపెట్టినా నాయనా" అన్నాడు.

కోర్టు ఆర్డరు వచ్చిందని వాడికి అప్పటికి మేమెవరం చెప్పలేదు. నాన్న ఎప్పుడొస్తాడో కూడా తెలియకుండానే దాచుకున్నాడన్నమాట. ఒక్కసారి కూడా అడగలేదు మమ్మల్ని. మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని వాడికి ఎవరు చెప్పారు? నేనే చెప్పుంటాను, నోటితో కాకపోయినా. అది రాత్రంతా...

సరే, అది తర్వాత రాస్తాను. బావ ఆ అగ్గిపెట్టె పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ మేడమ్‌ని అడిగాడు, ఈ ఆవరణలో ఏదైనా కప్పు మీదికి వేసుకోవచ్చా అని. గేటు దాటకుండా అయితే సరేనంది. మరి పేడ? బావ గేటు దాటకూడదు, పిల్లోడూ దాటకూడదు. నేను లేచాను. గేటు బయట టీ బండి పక్కన ఆవులు నిలబడుంటాయి కదా, బాదం ఆకులో ఇంత తీసుకొచ్చి ఇచ్చాను. బావ పన్ను అందులో పెట్టి ఉండ చేశాడు, వీణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు, సైకిల్ స్టాండు రేకుల మీదికి విసిరితే టప్పుమని పడి అతుక్కుంది.

"మామా, రేకుల మీద వేసినా కొత్త పన్ను వస్తుందా, మిద్దె మీదే వేయాలా?"

"వస్తుందిరా" అన్నాను. ఏడాదిన్నర తర్వాత బావ ముందు నేనన్న మొదటి మంచి మాట అదే.

పన్నెండున్నరకి బావే గడియారం చూసి తనే తీసుకొచ్చి అప్పజెప్పాడు, ఒక్క నిమిషం కూడా దాటనివ్వలేదు. మేలో గంగ జాతరకి వీడికి వేషం కట్టించే మొక్కు ఉందంట బావ వాళ్ళమ్మకి, ఆ ఒక్క పూట పంపుతారా అని అడిగాడు. దానికి మళ్ళీ కోర్టులో మెమో వేయాలి, అక్క ఒప్పుకుంటే తేలిక. అక్కకి చెప్పాను. ఏమీ అనలేదు, బియ్యం ఏరుతూ కూర్చుంది. కాదని కూడా అనలేదు. నువ్వొకసారి ఫోన్ చేసి మాట్లాడు, నీ మాట వింటుంది, కానీ తొందరపెట్టొద్దు, పాపం అక్క కూడా

హారన్ కొడుతున్నారు. మీ చిన్నాన్నే. ఇంకో పన్ను కదులుతోందిరా వాడికి, పొద్దున్నుంచి అవ్వను ముట్టుకోనివ్వడం లేదు, మూడో శనివారం ఎప్పుడు అని నన్ను మూడుసార్లు అడిగాడు, క్యాలెండర్లో గీత గీసి చూపించాను. ఊరగాయ సీసా నిటారుగా పెట్టుకోమను