గుమ్మం ఎప్పుడు మూయాలి

ప్రియమైన చిన్నాకి,

ప్రభువు నామంలో శుభాలు. మొన్న నువ్వు ఫోన్లో అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. "ప్రార్థన చేస్తున్నాను, వాక్యం చదువుతున్నాను, అయినా రాత్రయ్యేసరికి మళ్లీ ఫోన్లో చూడకూడనివి చూస్తున్నాను. నాలో ఆత్మ ఫలం లేదేమో నాన్నా" అన్నావు. అలా బాధపడే మనసు మొద్దుబారిన మనసు కాదురా. ముందు ఆ సంగతి నమ్ము.

మాట దగ్గర మొదలుపెడతాను. గలతీ 5:22, 23లో ఆత్మ ఫలం గురించి తొమ్మిది మాటలు చెప్పి, చివరగా "ఆశానిగ్రహము" అన్నాడు అపొస్తలుడైన పౌలు. అది వినగానే ఆశలన్నీ చంపేసుకోవాలేమో అనిపిస్తుంది. ఆయన రాసిన గ్రీకు మాట ఎంక్రాటెయా. అందులో ఉన్న క్రాటోస్‌కు అర్థం బలం, పట్టు. పగ్గం నీ చేతిలో ఉండాలంటున్నాడు తప్ప, ఎద్దును చంపమనడం లేదు. 1 కొరింథీ 9:25లో "పందెమునందు పోరాడు ప్రతివాడు అన్ని విషయములయందు మితముగా ఉండును" అని ఉంది కదా, ఆ "మితముగా ఉండును" కూడా అదే మాట నుంచి వచ్చింది. కొరింథు పక్కనే రెండేళ్లకోసారి ఇస్త్మియా ఆటలు జరిగేవి. గెలిచినవాడికి దక్కేది వాడిపోయే ఆకుల కిరీటమే. ఆ ఆటగాడు నోరు కట్టుకున్నది తిండి పాపమని కాదు, పరుగెత్తాలి గనక. ఏ పరుగూ లేకుండా ఒట్టి "వద్దు"ల మీద ఎవడూ ఎక్కువ కాలం నిలవలేడు. నువ్వు దేనికోసం రాత్రిళ్లు త్వరగా పడుకోవాలనుకుంటున్నావో, ఎవరి ముందు శుద్ధంగా నిలబడాలనుకుంటున్నావో నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసి పెట్టుకో.

ఇక అసలు సంగతి. సామెతలు 25:28 నీకు కంఠతా వచ్చు: "ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడును అంతే." ప్రాకారం ఎలా పనిచేస్తుందో చూడాలంటే నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం తియ్యి. నెహెమ్యా దగ్గరుండి చేయించిన యెరూషలేము గోడ కట్టడం 52 దినాల్లో అయిపోయింది. అయినా పనీ వ్యాపారమూ మానవలసిన విశ్రాంతిదినాన వర్తకులు సరుకులతో ఊళ్లోకి వస్తూనే ఉన్నారు. నెహెమ్యా ఏం చేశాడు? విశ్రాంతిదినం మొదలయ్యాక బజారులో నిలబడి ఒక్కొక్కరితో వాదిస్తూ కూర్చోలేదు. దానికి ముందే, చీకటి పడుతుండగానే గుమ్మాలు మూయించి, తన పనివాళ్లను కాపలా పెట్టాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయట బస చేశారు. ఆయన గట్టిగా హెచ్చరించాక మరి రాలేదు.

నీ రాత్రి కూడా ఇంతే. నువ్వు పదకొండున్నరకు యుద్ధం చేస్తున్నావు. అప్పటికి సరుకు ఊళ్లోకి వచ్చేసింది. తొమ్మిదింటికి భోజనం అవుతుంది, మంచం మీద వాలతావు, ఫోన్ చేతిలో ఉంటుంది, "ఒక్క రీల్" అనుకుంటావు, గది సద్దుమణుగుతుంది, లైటు ఆరిపోతుంది, ఒంటరిగా మిగులుతావు. అక్కడి నుంచి చూడకూడనివాటికి అడుగు దూరం. పదకొండున్నరకు పది ప్రార్థనలు చేసినా ఆపలేని దాన్ని, తొమ్మిదింటికి రెండు నిమిషాల పని ఆపుతుంది. రోమా 13:14లో "శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అన్నచోట "ఆలోచన" అంటే ముందుగా చేసిపెట్టుకునే ఏర్పాటు. పడకపక్కన ఛార్జర్ కూడా ఒక ఏర్పాటే చిన్నా. చాలామంది దీన్ని ప్రార్థనతో సరిపెట్టాలని చూస్తారు. ప్రార్థన చేసి గుమ్మం తెరిచే ఉంచితే, కాపలా కాయవలసిన బాధ్యత దేవుడి మీదికి నెట్టినట్టే.

కాబట్టి ఇలా చెయ్యి. మొదటి వారం ఏదీ మానకు. చిన్న నోట్‌బుక్‌లో రోజూ నాలుగే సంగతులు రాయి: తప్పిన వేళ, ఉన్న చోటు, దానికి గంట ముందు ఏం జరిగింది, అప్పుడు ఒంట్లో ఎలా ఉంది. ఏడు రోజులయ్యేసరికి గోడలో కంత ఎక్కడుందో కనిపిస్తుంది. ఎక్కువసార్లు ఆకలో, నిద్రలేమో, ఎవరిమీదో కోపమో, ఒంటరితనమో ముందు వచ్చి ఉంటుంది. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత లేపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట్లాడడం ఆ తర్వాత. ఐదు గంటల నిద్ర మీద ఉన్నవాడు నిగ్రహం గురించి ఎంత ప్రార్థించినా సగం బలంతోనే నిలబడతాడు. దీన్ని భక్తి తక్కువ అనుకుని కుమిలిపోవద్దు. ముందు ఏడు గంటలు పడుకో.

రెండో వారం ఒక్క గుమ్మం మూయి. తొమ్మిదిన్నరకు ఫోన్ నీ చేతికందని చోట ఛార్జింగ్ పెట్టు. హాస్టల్ గదిలో వేరే చోటు ఉండదు కాబట్టి నీ రూమ్మేట్ బీరువాలో పెట్టించు, తాళం అతని దగ్గరే ఉండనివ్వు. అలారం వంక లేకుండా రెండు మూడు వందలకు మామూలు అలారం గడియారం కొనుక్కో. అర్ధరాత్రి ఇంట్లో అవసరమైతే అతని నంబరుకు చేస్తాం, ఆ నంబరు మాకు పంపు. రీల్స్ యాప్ ఫోన్లోంచి తీసేయి. లాగౌట్ అయితే సరిపోదు, పాస్‌వర్డ్ వేళ్లకే గుర్తుంటుంది. పొద్దున కూడా ఇదే పద్ధతి. నెహెమ్యా 7:3లో పొద్దెక్కే వరకు యెరూషలేము గుమ్మాల తలుపులు తీయవద్దన్న ఆజ్ఞ ఉంది. వాక్యం చదివి, స్నానం చేశాకే ఫోన్ తీసుకో.

మొదటి మూడు నాలుగు రాత్రులు బాగుండవు. చేతులు ఊరికే వెతుక్కుంటాయి, నిద్ర పట్టదు, "ఈ ఒక్కరోజే" అనిపిస్తుంది. అది ఓటమి అనుకోకు. గోడ బయట బస చేసిన వర్తకుల సందడి అది. కొత్తగా మూసిన గుమ్మం ముందు వాళ్లు కాసేపు ఉంటారు. ఇలాంటి తపన అల లాంటిది, లేస్తుంది, ఒక ఎత్తుకు వచ్చి విరుగుతుంది. అది విరిగేదాకా మంచం దిగి నడువు, నీళ్లు తాగు, కీర్తన 70:1 పైకి పలుకు: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము." అలాంటప్పుడు పెద్ద ప్రార్థన రాదు. ఈ ఒక్క మాట చాలు.

మూసిన గుమ్మం లోపల ఇల్లు ఖాళీగా ఉంచకు. మత్తయి 12లో ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉంది గనకే అపవిత్రాత్మ మరి ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా ఏం చేస్తావో ముందే రాసుకో: బట్టలు సర్దడం, గిటార్ మీద ఆదివారం పాటలు, ఒక కీర్తన చూసి రాయడం, ఏదో ఒకటి. 2 తిమోతి 2:22లో పౌలు "యౌవనేచ్ఛలనుండి పారిపొమ్ము" అని ఆపలేదు, నీతిని, విశ్వాసాన్ని, ప్రేమను, సమాధానాన్ని వెంటాడమన్నాడు. అది కూడా ఒక్కడివే కాదు, పవిత్ర హృదయంతో ప్రభువుకు ప్రార్థన చేసేవాళ్లతో కలిసి. యోసేపు పోతీఫరు ఇంట్లో పై వస్త్రం వదిలేసి పరుగెత్తాడు కదా. అంతకుముందు పోతీఫరు భార్య తనతో పాపం చేయమని దినదినం అడుగుతుంటే ఆమెతో ఉండడానికే ఒప్పుకోలేదని ఆదికాండం 39:10లో ఉంది. ఆ పరుగు ఒక్కరోజులో వచ్చింది కాదు.

ఉపవాసం గురించి ఒక మాట. అనుమతి ఉన్నదానికి కాసేపు "వద్దు" చెప్పడం నేర్చుకుంటే, అనుమతి లేనిదానికి చెప్పే గొంతు బలపడుతుంది. అందుకే అది మంచి సాధన. వారానికి ఒక్క పూటతో మొదలుపెట్టు, శుక్రవారం ఉదయం టిఫిన్ చాలు. నీళ్లు బాగా తాగు. ఆ అరగంట ప్రార్థనకు ఇవ్వు, ఆ టిఫిన్ డబ్బు విడిగా పెట్టి నెలాఖరుకు అవసరంలో ఉన్నవాళ్లకు ఇవ్వు. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసంలో ఆకలిగొన్నవాడికి ఆహారం పెట్టడం ఉంది. తప్పు జరిగేది విరమించేటప్పుడు. పగలంతా ఆగి రాత్రి బిర్యానీ మీద పడితే అది నిగ్రహం కాదు, వాయిదా. మజ్జిగతోనో జావతోనో విరమించు. కడుపులో పుండు, షుగరు లాంటివి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా చేయకూడదు, నీ స్నేహితుల్లో ఎవరినీ బలవంతపెట్టకు. ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ ఒకేసారి పెట్టుకోవాలన్న ఆవేశం వద్దు.

ఆవేశం అన్నాను గనక, మనవాళ్లలో ఎక్కువమంది పడేది ఇక్కడే. ఉజ్జీవ కూటాల్లో, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కన్నీళ్లతో "ఇక ఎప్పటికీ" అని మొక్కుకుంటారు. రెండో వారానికి జారి, తీర్మానంతో పాటు విశ్వాసం మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటారు. ప్రసంగి 5:5: "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుట మేలు." ఎప్పటికీ అనకు. ఈ రాత్రి అను.

కోపం విషయంలో గుమ్మం నోరే. కీర్తన 141:3 అదే అడుగుతుంది, నా నోటికి కావలి పెట్టమని. ఆఫీసు గ్రూపులో నొచ్చుకున్న మెసేజ్‌కి రాత్రి జవాబు ఇవ్వకు. ఇవ్వాలనుకున్నది నోట్‌బుక్‌లో రాయి, పొద్దున చదువు, సగం కొట్టేస్తావు. ఎదురెదురుగా అయితే నిలబడి ఉన్నవాడివి కూర్చో, గొంతు ఒక మెట్టు దించు, "పది నిమిషాలాగి మాట్లాడదాం" అను, పది నిమిషాలకు తప్పకుండా మాట్లాడు. మౌనంగా ఉండిపోవడాన్ని నిగ్రహం అనుకునేవాళ్లున్నారు. వాళ్ల లోపల కోపం పేరుకుంటుంది. ఎఫెసీ 4:26 సూర్యుడు అస్తమించేలోపు తీర్చుకోమంటుంది. డబ్బు ఖర్చుకు ఇంత చెప్పనవసరం లేదు: కార్ట్‌లో పెట్టి ఒక రోజు ఆగు, చాలు.

నువ్వు పడతావు. చేతులారా కట్టిన గోడ ఒక రాత్రి కూలుతుంది. అప్పుడు "ఎలాగూ పాడైంది, ఇంకో గంట చూస్తే ఏం" అనే మాట వస్తుంది. మొదటి తప్పు కంటే ఈ మాట చేసే నష్టం ఎక్కువ. ఆ నిమిషంలోనే ఫోన్ మూసి మోకరించు. పాపాలు ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 నీకు తెలిసిందే, చదువు, ఒప్పుకో, పడుకో. మర్నాడు కంత ఎక్కడ పడిందో రాసి దాన్ని పూడ్చు. ఆ ఆదివారం మందిరం మానకు. పడిన వారమే మానాలనిపిస్తుంది, సిగ్గు దేవుడి దగ్గరికి తేవలసింది పోయి దూరం తోస్తుంది. నిన్ను నువ్వు కొట్టుకోవడం కూడా మందు కాదు. దేహాన్ని హింసించే నియమాలు శరీరేచ్ఛను అదుపు చేయలేవని కొలస్సీ 2:23 తేల్చి చెప్పింది. తీతు 2:11, 12లో భక్తిహీనతను విసర్జించమని మనకు బోధించేది కృప. కొరడా పట్టుకుని కాదు, పక్కన కూర్చోబెట్టుకుని.

ఒక్కడివే ఇది చేయలేవు. సంఘంలో నమ్మదగిన అన్న ఒకరిని చూసుకో. వారానికి ఒకరోజు, ఇరవై నిమిషాలు, ఎప్పుడూ అదే వేళ. 1738లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ చిన్న గుంపుల కోసం రాసిన నియమాల్లో ఇలాంటి ప్రశ్నలున్నాయి: కిందటిసారి కలిశాక తెలిసి చేసిన పాపమేది, ఎదురైన శోధనేది, ఎలా తప్పించుకున్నావు. మన మెదక్ గుడి కట్టించింది ఆ వెస్లీ బాటలో వచ్చిన మిషనరీలే. ఆ మూడో ప్రశ్న మాత్రం వదలకు, తప్పించుకున్న రాత్రుల్ని కూడా చెప్పుకోవాలి. ఆడపిల్లతో కాదు, అన్నతోనే మాట్లాడు. ఆయన ఇంకొకరికి చెప్పడని తెలిశాకే మొదలుపెట్టు.

నీ స్నేహితుడి తాగుడు గురించి కూడా అడిగావు. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ దాకా పోవచ్చు, ప్రాణానికే ముప్పు. అతని కోసం ప్రార్థించు, కానీ ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. అతనితో మాట్లాడేటప్పుడు నీ తొమ్మిదిన్నర నియమం చూపించి చిన్నబుచ్చకు. గలతీలో ఉన్నది "ఫలములు" కాదు, "ఫలము". తొమ్మిదీ ఒకే పండు, అందులో మొదటిది ప్రేమ.

నోట్‌బుక్ ఈ సోమవారం మొదలుపెట్టు. పై ఆదివారం ఆరాధన అయ్యాక నాకు ఫోన్ చెయ్యి, రాసిందంతా చదవనక్కర్లేదు, గంట ముందు ఏం జరుగుతోందో మాత్రం చెప్పు. నీకు పంపే పార్సిల్లో అమ్మ సున్నుండలు కట్టింది, పాత అలారం గడియారం కూడా అందులో పెడుతున్నాను. బాగానే తిరుగుతోంది, సెల్ మాత్రం కొత్తది వేసుకో.

నీ నాన్న