పసివాడికి సున్తీ చేయాలంటే కారణం కాగితం మీద రాయండి

సంపాదకులకు,

మా పట్టణంలో గోడల మీద, ఆటోల వెనక ‘లేజర్ సున్తీ, నొప్పి ఉండదు, అదే రోజు ఇంటికి’ అన్న ప్రకటనలు ఈ మధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. పెద్దవాళ్లు చేయించుకుంటే అది వారిష్టం. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు కూడా ‘ఫైమోసిస్’ (అంగం ముందరి చర్మం బిగుతుగా ఉండి వెనక్కి జరగకపోవడం) అని ఒక్క మాట రాసి ఆపరేషన్‌కు తేదీ ఇస్తుంటే మాత్రం ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లల శస్త్రచికిత్స వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని.

ఇటీవల మా వీధిలో ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లవాడు ఒంటికి పోసేటప్పుడు చివరి చర్మం బుడగలా ఉబ్బుతోందట. ఒక క్లినిక్‌లో చూపిస్తే వారంలోగా సున్తీ చేయాలి, లేకపోతే కిడ్నీలు పాడవుతాయి అన్నారట. ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. చీటీ చూశాను. ఫైమోసిస్ అన్న మాట, ఆపరేషన్ ఖర్చు, అంతే. మూత్ర పరీక్ష లేదు. ఎప్పుడైనా జ్వరం వచ్చిందా, చివర ఎర్రబడి వాచిందా, ధార ఎలా పడుతోంది అని ఎవరూ అడగలేదు. ఆ పిల్లవాడు మా పెరట్లోనే కాలవ గట్టున నిలబడి పోశాడు. ధార తిన్నగా వెళ్లి ఎదుటి గోడకు తగిలింది. మొదట కాస్త ఉబ్బింది, తర్వాత అదే తగ్గిపోయింది. ఏడవలేదు, ముక్కలేదు.

ఇలాంటి ఉబ్బు ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. మగపిల్లలు పుట్టినప్పుడు ముందరి చర్మం లోపలి భాగానికి అంటుకునే ఉంటుంది. అది రోగం కాదు, పుట్టుకతో దాదాపు అందరికీ ఉండేదే. ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తానే విడుతుంది. కొందరికి మూడేళ్లకు, కొందరికి పదేళ్లు దాటాక. డెన్మార్క్‌లో ఓస్టర్ అనే వైద్యుడు బడిపిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించి 1968లో ప్రచురించిన లెక్కలను మా ప్రొఫెసర్ గారు వార్డు రౌండ్లలో విద్యార్థులకు పదేపదే చెప్పేవారు. ఆరేడేళ్ల వయసులో బిగుతు ఉన్నవారు నూటికి ఎనిమిది మంది, పదహారు పదిహేడేళ్లకు నూటికి ఒక్కరు. మిగిలిన వారిలో దాదాపు అందరికీ కత్తెర పని లేకుండానే సరిపోయింది. చర్మం కింద తెల్లటి ముత్యాల్లాంటి గడ్డలు కనిపిస్తే చీము పట్టిందని తల్లులు బెదిరిపోతారు. అది చర్మం విడే క్రమంలో రాలిన పొట్టు, అంతే.

మరి నిజంగా అవసరమైనది ఏదో ఎలా తెలుస్తుంది? నొప్పి పెట్టకుండా చర్మాన్ని మెల్లగా వెనక్కి జరిపితే ఆరోగ్యంగా ఉన్నవాడికి లోపలి గులాబి రంగు పొర పువ్వు మొగ్గలా విచ్చుకుంటుంది. మచ్చ కట్టినవాడికి చివర తెల్లగా, గట్టిగా ఒక వలయం ఏర్పడి ఉంటుంది, జరిపినా విచ్చుకోదు. దీన్ని వైద్యులు బి.ఎక్స్.ఓ. అంటారు. దీనికి సాధారణంగా సున్తీయే చికిత్స. చర్మం మళ్లీ మళ్లీ చీముపట్టి వాస్తున్నా, మూత్రం వెనక్కి కిడ్నీల వైపు ఎగదన్నే లోపం ఉండి ఇన్ఫెక్షన్లు తిరగబెడుతున్నా పిల్లల సర్జన్ సున్తీ చేయమనవచ్చు. వెనక్కి లాగిన చర్మం ముందుకు రాక బిగిసి వాచిపోతే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగకూడదు.

ఈ లక్షణాలేవీ లేక, బిగుతు మాత్రమే ఇబ్బంది పెడుతుంటే ముందు వాడి చూడాల్సింది ఆయింట్‌మెంటు. బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ లేపనాన్ని డాక్టరు చెప్పినట్టు రోజుకు రెండు పూటలా, నాలుగు నుంచి ఎనిమిది వారాలు బిగుతుగా ఉన్న చోట రాస్తే చాలామంది పిల్లలకు చర్మం వదులవుతుంది. మందుల షాపులో గజ్జికీ తామరకూ కలిపి ఇచ్చే ట్యూబు దీనికి పనికిరాదు. నేను పంపిన పిల్లల సర్జన్ ఆ పిల్లవాడికి ఈ లేపనమే రాశారు. ఇప్పుడు ఉబ్బూ లేదు, కిడ్నీల భయమూ లేదు.

మన ఇళ్లలో మరో అలవాటుంది. చంటిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోసేటప్పుడు ‘శుభ్రం చేయాలి’ అంటూ ఆ చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగుతారు. అది చిరుగుతుంది, మానేటప్పుడు మచ్చ కడుతుంది, లేని జబ్బు వచ్చిపడుతుంది. పెద్దమ్మలూ, దయచేసి ఆ పని మానండి. పైపైన నీళ్లతో కడిగితే చాలు.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే మొండితనమూ చూశాను. వార్డుకు వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లవాడికి చివర తెల్లని వలయం స్పష్టంగా కనిపిస్తోంది. ‘సున్తీ మన ఆచారం కాదు, రేపు ఊళ్లో ఏమనుకుంటారు’ అని తాతగారు సంతకం పెట్టనివ్వలేదు. నెలలు గడిచాక మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతూ, ఏడుస్తూ మళ్లీ వచ్చాడు. అప్పటికి మచ్చ మూత్రద్వారం దాకా పాకింది, దాన్ని కూడా వెడల్పు చేయవలసి వచ్చింది. అవసరమైన ఆపరేషన్‌కు మతం అడ్డు పెట్టడం ఆ పిల్లవాడి మీద చేసిన అన్యాయం. ఆ తాతగారి మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

ఆచారం ప్రకారం చేయించే ముస్లిం కుటుంబాలకూ ఒక విన్నపం. ముందుగా మూత్రద్వారం సరైన చోట ఉందో లేదో పిల్లల డాక్టరుకు చూపించండి. కొందరికి అది పుట్టుకతోనే కింది వైపు ఉంటుంది. దాన్ని సరిచేసే ఆపరేషన్‌కు ఆ చర్మమే కావాల్సి రావచ్చు. ముందే తీసేస్తే సర్జన్ పని కష్టమవుతుంది.

వైద్యాధికారులను నేను కోరేది ఒక్కటే. పిల్లలకు జబ్బు పేరుతో సున్తీ చేసే ప్రతిచోటా ఏం కనిపించింది, లేపనం వాడారా, వాడకపోతే ఎందుకు అన్నది తల్లిదండ్రుల చేతికిచ్చే కాగితంలో తెలుగులో రాసి ఉండాలి. మీ ఆరోగ్య పుటలో కూడా ఈ విషయం మీద పిల్లల సర్జన్ చేత ఒక వ్యాసం రాయించండి. తండ్రులు దీని గురించి డాక్టరును అడగడానికి సిగ్గుపడుతున్నారు, చివరికి ఆ సంతకం తల్లులే పెడుతున్నారు.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, తెనాలి