స్టాప్‌వాచ్ పెట్టి చదివించే ముందు

సంపాదకులకు నమస్కారం.

మూడో తరగతి పిల్లలు అర్థం చేసుకుంటూ నిమిషానికి 60 మాటలు చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ప్రాథమిక చదువుల కార్యక్రమం ‘నిపుణ్ భారత్’ లక్ష్యం పెట్టింది. మంచిదే. కానీ చాలాచోట్ల మిగిలింది స్టాప్‌వాచ్ ఒక్కటే. పిల్లలు తెలుగు ధారాళంగా చదువుతున్నారో లేదో ఆ అంకెతో తేలదు.

‘ఇది ఆవు. దీని పాలు తెలుపు.’ ఐదు మాటలు, 11 అక్షరాలు, ఒక్క వత్తూ లేదు. ‘నేను రేపు బడికి వెళ్లాలనుకుంటున్నాను.’ మాటలు నాలుగే గానీ అక్షరాలు 15, అందులో చివరి మాటవే ఎనిమిది. మాటలు మాత్రమే లెక్కపెడితే తేలిక పేరా దొరికిన పిల్లలే ముందుంటారు. 2022లో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) కూడా ఏ భాషకు ఆ భాషకు విడిగా ప్రమాణాలు పెట్టింది. బడిలో కొలిచేటప్పుడు అక్షరాలు కూడా లెక్కించాలి.

పరీక్షకు పాఠ్యపుస్తకంలో పాఠం పనికిరాదు. బట్టీ వచ్చిన పిల్లకు వేలు ఒక మాట మీద, నోరు ఇంకో మాట మీద ఉంటాయి. ఎప్పుడూ చూడని పేరా ఇవ్వాలి. తప్పు చదివి వెంటనే తనే దిద్దుకుంటే ఒప్పుగా వేసుకోవాలి. మూడు సెకన్లు ఆగిపోతే ఆ మాట అందించి, దాన్ని తప్పు కింద రాసుకుని ముందుకు పంపాలి. చివర్లో పేరా మీద మూడు నాలుగు ప్రశ్నలు అడగకపోతే ఈ శ్రమంతా వృథా.

ఎన్ని మాటలు చదివారన్న దానికన్నా ఎక్కడ తడబడ్డారన్నది ముఖ్యం. క, ద, ప వత్తులు తలకట్టు తీసేసిన అదే అక్షరంలా ఉంటాయి కాబట్టి తొందరగా వచ్చేస్తాయి. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాన్ని పోలవు. ‘పద్యం’, ‘రాత్రి’, ‘పళ్లెం’ దగ్గర ఆగే పిల్లతో వత్తులన్నీ మొదట్నుంచి దిద్దించనక్కర్లేదు. ఈ ఆరు వత్తులున్న మాటలే రోజుకు పది చదివించాలి.

వత్తులన్నీ వచ్చినా మాట మాటకీ ఆగేవాళ్లుంటారు. వాళ్లకు పేరాలో గీతలు పెట్టి ఇవ్వాలి: ‘చెట్టు కింద కూర్చున్న ముసలమ్మ / మనవడికి / కథ చెబుతోంది.’ ముందు టీచర్ చదివి వినిపించాలి, తర్వాత అందరూ కలిసి, ఆపైన ఇద్దరిద్దరుగా అదే పేరా మూడు నాలుగుసార్లు. రోజుకు 15 నిమిషాలు కేటాయించాలి. ఈ సాధనలో ప్రతి తప్పుకీ అడ్డుపడకూడదు. వాక్యం తెగితే అర్థం జారిపోతుంది. వాక్యం పూర్తయ్యాకే దిద్దాలి.

అచ్చు వేసేవారికో విన్నపం. వరుసలో పట్టని పెద్ద మాటను గీత కూడా పెట్టకుండా విరిచేస్తున్నారు. పై వరుసలో ‘వెళ్లాలను’, కింది వరుసలో ‘కుంటున్నాను’. పెద్దవాళ్లం అలవాటు కొద్దీ కలిపేసుకుంటాం. ఏడేళ్ల పిల్ల అవి రెండు మాటలనుకుని ఆగిపోతుంది. మొదటి మూడు తరగతుల పుస్తకాల్లోనూ, మీ పత్రిక పిల్లల పేజీలోనూ కుడి అంచు ఎగుడుదిగుడుగా వచ్చినా ఫర్వాలేదు, మాట మాత్రం విరగకుండా వేయండి.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా