ఈ వేసవికి మా పచ్చళ్ల దుకాణంలో మారుతున్నవి, మానేస్తున్నవి

మమ్మల్ని ఆదరిస్తున్న కొనుగోలుదారులందరికీ నమస్కారం.

పోయిన వేసవిలో మా దగ్గర ఆవకాయ తెప్పించుకున్నవారిలో చాలామంది రెండు ఫిర్యాదులు రాశారు: చెప్పిన తేదీకి పార్శిల్ అందలేదని, అందిన సీసాల్లో కొన్నింటికి మూత చుట్టూ నూనె కారి అట్టపెట్టె తడిసిపోయిందని. డబ్బు ముందే కట్టి మూడు వారాలు ఎదురుచూసినవారికి కలిగిన ఇబ్బందికి క్షమాపణ కోరుతున్నాను. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో, దాన్ని వెదుకుతూ ఏ నిర్ణయాలకు వచ్చామో దాపరికం లేకుండా చెప్పడానికే ఈ ఉత్తరం.

పెద్ద కంపెనీల్లో బిజినెస్ కేపబిలిటీ మ్యాపింగ్ అనే పద్ధతి ఒకటుంది. ఎవరు ఏ పని చేస్తున్నారన్న సంగతి పక్కనపెట్టి, వ్యాపారం నిలబడాలంటే అసలు ఏమేమి చేయగలగాలో ఒక పటంగా రాసుకుంటారు. ఒక్కొక్క సామర్థ్యం ఎంత ముఖ్యమో, ఇప్పుడు ఎంత బలంగా ఉందో గుర్తులు పెట్టుకుని, డబ్బూ శ్రమా ఎక్కడ పెట్టాలో ఆ తర్వాతే తేల్చుకుంటారు. సంక్రాంతి వెళ్లాక రెండు ఆదివారాలు మా పదకొండుమందిమీ కూర్చుని వంటశాల గోడకు చీటీలు అంటించాం. కాయ ఎంచుకోవడం, టెంకతో సహా ముక్క కొట్టించడం, కారం పాళ్లు నిలపడం, సీసాకు సీలు వేయడం, లెక్కలు చూసుకోవడం, ఇలా 19 చీటీలయ్యాయి. బాగా చేస్తున్నవాటికి ఆకుపచ్చ బొట్టు, చేయలేకపోతున్నవాటికి ఎర్ర బొట్టు పెట్టాం.

నూనె కారడానికి సీలు వేసే మిషనే కారణమని నేను ఏడాదిగా నమ్ముతూ వచ్చాను, కొత్తది కొనాలని ధర కూడా కనుక్కున్నాను. చీటీలు వరుసగా చూస్తే అసలు కథ వేరని తెలిసింది. ఆవకాయ కలిపాక ఉప్పుకు ముక్క ఊరి, ఊట దిగి, మూడో రోజు తిరగకలిపాక గాని నూనె నిదానంగా పైకి తేలదు. ఆ లోపే సీసాలకెత్తితే నూనె సీసాలోనే పైకి ఉబికి మూత సందుల్లోకి వస్తుంది. హడావుడిగా నింపినప్పుడు అంచుకు అంటిన నూనెను పొడిగుడ్డతో తుడవకపోతే అల్యూమినియం రేకు సరిగా అతుక్కోదు. మరి తొందరపడి ఎందుకు ఎత్తుతున్నాం? ఫోనులో ఆర్డరు తీసుకునే అమ్మాయికి ఏ జాడీ ఏ రోజు కలిపారో తెలియదు కాబట్టి, అడిగినవారందరికీ ఐదు రోజుల్లో పంపుతామని చెప్పేది. తేదీ చెప్పి ఆ మాట నిలుపుకోగలగడం అనే సామర్థ్యానికి మా దుకాణంలో బాధ్యులే లేరు. ఆ చీటీకి పదకొండుమందీ ఎర్ర బొట్టే పెట్టారు. మిషను కొనడం మానుకుని, ప్రతి జాడీకి కలిపిన తేదీ రాసిన పలక కట్టి, ఆ తేదీలను ఆర్డర్ల పుస్తకంలోకి ఎక్కించే పని ఒకరికి పూర్తిగా అప్పగించాం.

ఇంకొక చీటీ నన్ను ఎక్కువగా భయపెట్టింది. కారం పాళ్లు నిలపడానికి అందరూ ఆకుపచ్చ బొట్టే పెట్టారు, కానీ ఆ సామర్థ్యమంతా మా పిన్నిగారి చేతిలోనే ఉంది. గుంటూరు నుంచి వచ్చే మిరపకాయ ఘాటు ప్రతి ఏడూ ఒకేలా ఉండదు. ఆమె వేలితో అద్ది నాలుక మీద వేసుకుని, ఆవపిండి ఎంత, ఉప్పెంత అని చెబుతారు. ఈ నెల నుంచి ఆమె చెప్పిన ప్రతి కొలతనూ కాటా మీద తూచి రాసుకుంటున్నాం, మరో ఇద్దరు ఆమె పక్కనే ఉండి నేర్చుకుంటున్నారు.

కొన్ని మానేస్తున్నాం. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి అమ్మడం వచ్చే నెలతో ఆపేస్తాం. వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే జీఐ ట్యాగు) వచ్చాక గిరాకీ ఇంకా బాగుంటుందని ఆశపడ్డాను. బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్క ఊపున పరిచి తీసే ఆ నేర్పు అక్కడి ఆడవాళ్లది. అది మాకు లేదు, అంత సున్నితమైన రేకును చిట్లకుండా దూరం పంపే నేర్పూ లేదు. హైదరాబాదులో రెండో దుకాణం ఆలోచన కూడా రెండేళ్లు వాయిదా వేశాం. చేతిలో ఉన్న ఆర్డర్లకే తేదీ చెప్పలేనివాళ్లం ఇంకో ఊరికి వెళ్లి మీ నమ్మకాన్ని పరీక్షకు పెట్టడం తప్పని నా అభిప్రాయం.

అట్టపెట్టెలు దళసరివి వాడుతున్నందున అరకిలో సీసా మీద 15 రూపాయలు పెంచక తప్పడం లేదు. ఇకపై ఆర్డరు ఇచ్చిన రోజే మీ జాడీ కలిపే తేదీ, సీసాకెత్తే తేదీ రెండూ మీకు సందేశంగా వస్తాయి. పూతరేకులకు ముందుగా డబ్బు కట్టినవారికి ఈ నెలాఖరులోగా పూర్తి మొత్తం తిరిగి పంపిస్తాం. పోయిన ఏడాది నూనె కారిన సీసా అందుకుని అప్పుడు చెప్పకుండా ఊరుకున్నవారు ఇప్పుడు చెప్పినా కొత్త సీసా పంపుతాం.