ధ్యానానికి ఊరిలోనే ఒక గది కావాలి

సంపాదకుల వారికి,

గజపతి, గంజాం జిల్లాల్లోని మన పట్టణాల్లో వారానికి ఒక గంట పదిమందీ కలిసి కూర్చుని ధ్యానం చేసుకోవడానికి ఒక గదిని కేటాయించాలని పురపాలక సంఘాలను, గ్రంథాలయాల నిర్వాహకులను, పాఠశాలల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. బుద్ధుడు బోధించిన పద్ధతిలో ఊపిరి రాకపోకలను గమనించి, ఆ తరువాత సమస్త ప్రాణుల పట్ల మైత్రిని మనసులో నింపుకునే ఈ సాధనకు ఎవరూ మతం మారనక్కరలేదు, రుసుము చెల్లించనక్కరలేదు.

ధ్యానం ఇంట్లో చేసుకోవచ్చు కదా, దానికి పదిమంది ఎందుకని చాలామంది అడుగుతారు. చేసుకోవచ్చు. కానీ ఒంటరిగా మొదలుపెట్టినవారిలో ఎక్కువమంది కొన్నాళ్లకే మానేయడం నేను చూస్తూనే ఉన్నాను. ఇంటి పనో, నడుము నొప్పో, తమకిది పట్టుబడదన్న నిస్పృహో అడ్డుపడినప్పుడు పక్కన ధైర్యం చెప్పేవారు ఉండరు. మంచి స్నేహితులు ఉండడం ధర్మజీవనంలో సగమని శిష్యుడైన ఆనందుడు అన్నప్పుడు, అలా అనవద్దని, ధర్మజీవనమంతా అదేనని బుద్ధుడు సరిదిద్దినట్లు బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో ఉంది. 1969లో బర్మా నుంచి మన దేశానికి వచ్చి విపశ్యన అనే ధ్యాన పద్ధతిని శిబిరాలలో నేర్పిన సత్యనారాయణ గోయెంకా గారు సైతం, శిబిరం పూర్తిచేసినవారు రోజూ ఇంట్లో సాధన చేస్తూ, వారానికొకసారి తోటి సాధకులతో కలిసి కూర్చోవాలని చెప్పేవారు. అయితే ఆ శిబిరానికి పది రోజులు ఇల్లు విడిచి వెళ్లాలి. రోజుకూలీ మీద బతికేవారికి, మంచాన పడిన అత్తగారిని చూసుకునే కోడలికి అది సాధ్యమయ్యే పని కాదు. అటువంటివారికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చోటు ఉండాలి.

మా పర్లాకిమిడిలో తెలుగువారము, ఒడియావారము కొందరం ఒక మిత్రుని మేడ మీద కూర్చుంటున్నాము. అక్కడ నాకు తెలిసివచ్చిన విషయమేమిటంటే, తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన అందరూ రారు. సాయంత్రం ఆరు గంటలైతే ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు. నాలుగు గంటలకైతే వస్తారు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ తటపటాయించే కొత్తవారికి, ఎంతసేపు కూర్చుంటామో, కాళ్లు తిమ్మిరెక్కితే కదలవచ్చునో లేదో ఎవరో ఒకరు ముందే చెప్పాలి. నేల మీద కూర్చోలేనివారి కుర్చీలను వెనుక గోడకు నెట్టివేయకుండా అందరి మధ్యనే వేయాలి. కులం, ఉద్యోగం అడగకూడదు. కొన్ని వారాలు రాకపోయి తిరిగి వచ్చినవారిని కారణమూ అడగకూడదు. ఇవన్నీ చేసినా మేడ మెట్లు ఎక్కలేక వెనుదిరిగిన పెద్దలు ఉన్నారు. నేను గది అడుగుతున్నది ప్రధానంగా వారి కోసమే.

సూచనలను తెలుగులోను, ఒడియాలోను చెప్పుకుంటున్నాము. సవర భాషలో చెప్పగలవారు ఇంకా దొరకలేదు. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చిన గిడుగు వేంకట రామమూర్తి గారు నివసించిన ఊరిలో ఈ లోటు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

పురుషోత్తమపురం సమీపంలో ఋషికుల్య ఒడ్డున, జౌగడ రాతి మీద, మనుషులందరూ తన బిడ్డలేనని అశోకుడు చెక్కించాడు. తిష్య (పుష్యమి) నక్షత్రపు రోజుల్లో ఆ శాసనాన్ని చదివి వినిపించాలని, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలని కూడా ఆజ్ఞాపించాడు. వానాకాలంలో ఒక్కరే వచ్చినా మేము గంట మోగించి కూర్చోవడానికి ఆ మాటే ఆధారం. ఇక 1963లో చంద్రగిరి ప్రాంతానికి వచ్చి స్థిరపడిన టిబెటన్లు మన ఇరుగుపొరుగువారే. అక్కడే 2010లో దలైలామా ప్రారంభించిన జిరంగ్ పద్మసంభవ మహావిహారమనే బౌద్ధ మఠానికి మనవాళ్లు సెలవు రోజుల్లో వెళ్లి, ఫొటోలు దిగి తిరిగివస్తారు. అక్కడి ప్రశాంతతను చూసి తామూ కాసేపు అలా కూర్చోవాలని కోరుకున్నవారికి పర్లాకిమిడిలోను, కాశీనగర్‌లోను, బరంపురంలోను చోటు దొరకాలి.

గంజాం జిల్లాలో కొడుకులు సూరత్ మరమగ్గాల పనికి వెళ్లగా ఇంట్లో ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ధ్యానం వల్ల కలిగే మేలు కన్నా, ఈ వారం రాలేదేమని తలుచుకునే నలుగురు ఉండడం వల్ల వారికి కలిగే మేలే ఎక్కువని నేను నమ్ముతున్నాను. అయితే ఇది వైద్యానికి బదులు కాదు. తీవ్రమైన దిగులుతోనో, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనతోనో ఉన్నవారిని తప్పక మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లాలి. మనోవ్యాధి ఉన్నవారికి రోజుల తరబడి మౌనంగా కూర్చునే శిబిరాలు కీడు కూడా చేయవచ్చు.

మేము కోరుతున్నది కింది అంతస్తులో ఒక గది, ఆదివారం మధ్యాహ్నం ఒక గంట మాత్రమే. జంపఖానాలు మేమే తెచ్చుకుంటాము, గదిని ఊడ్చి తాళం అప్పగిస్తాము. ఇటువంటి బృందాలు ఏ ఊరిలో, ఏ వేళకు కూర్చుంటున్నాయో మీ జిల్లా పేజీలోని స్థానిక కార్యక్రమాల శీర్షికలో ఉచితంగా ప్రచురించవలసిందిగా తమరిని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.