శిక్ష పడకముందే ఓటు ఎందుకు పోవాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఎన్నికలు వచ్చినప్పుడల్లా నేరచరిత ఉన్న అభ్యర్థుల గురించి మీ పత్రికలో విస్తారంగా చర్చ జరుగుతుంది, జరగవలసిందే. అయితే కేసులో ఇరుక్కున్న మనిషి అభ్యర్థి కాక మామూలు ఓటరే అయినప్పుడు అతని సంగతి ఏమిటన్నది ఎవరికీ పట్టినట్టు లేదు. న్యాయసేవాధికార సంస్థ తరఫున న్యాయ సహాయం అందించే పారా లీగల్ వాలంటీరుగా కొన్నేళ్లుగా ఒక సబ్‌జైలుకు వెళ్లి వస్తున్న నాకు ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతోంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

2024 మే 13 పోలింగుకు నాలుగు రోజుల ముందు అక్కడ ఒక యువకుడు నన్ను పక్కకు పిలిచాడు. పొలాల్లో నీటి మోటార్లు పోయిన కేసులో అతను నిందితుడు. బెయిలు ఇస్తూ కోర్టు ఉత్తర్వు వెలువడి అప్పటికే ఇరవై రోజులు దాటింది కానీ, కూలికి వెళ్లే తల్లికి ఇద్దరు జామీనుదారులను తేవడం సాధ్యం కాలేదు. ఆస్తి పన్ను రసీదో, పట్టాదారు పాసుపుస్తకమో చేత్తో పట్టుకుని కోర్టుకు వచ్చి నిలబడే బంధువులు అందరికీ ఉండరు. ఇంటికి వచ్చిన ఓటరు స్లిప్పును ఆమె ములాఖత్‌కు తెచ్చి చూపించిందట. అతనికి అదే మొదటి ఓటు. "సార్, నేను పోకపోతే నా ఓటు ఇంకెవరైనా గుద్దేస్తారా?" అని అడిగాడు. దొంగతనం కేసులో లోపల ఉన్నవాడికి తన ఓటును ఎవరైనా దొంగిలిస్తారేమోనన్న బెంగ! నేను నవ్వలేకపోయాను. ఆ జైలు గోడ అవతల ఉన్న హైస్కూల్లోనే పోలింగు కేంద్రం ఏర్పాటవుతోంది. బల్లలు జరుపుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 62వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం, శిక్ష పడి గానీ మరో కారణంతో గానీ జైల్లో ఉన్నవారు, పోలీసుల కస్టడీలో ఉన్నవారు ఏ ఎన్నికలోనూ ఓటు వేయరాదు. దశాబ్దాల క్రితమే రద్దయిపోయిన ద్వీపాంతరవాస శిక్ష ప్రస్తావన ఆ వాక్యంలో ఇంకా అలాగే మిగిలి ఉందంటే, దాన్ని మళ్లీ తెరిచి చదివే ఓపిక మన చట్టసభలకు ఎంత ఉందో ఊహించుకోవచ్చు. "మరో కారణంతో గానీ" అన్న ఆ చిన్న మాటలోకే విచారణ ఖైదీలందరూ వచ్చి పడతారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. ఒకే కేసులో ఇద్దరు నిందితులుండి, జామీను కట్టగలిగినవాడు బయటికి వచ్చి క్యూలో నిలబడి ఓటు వేస్తుంటే, కట్టలేనివాడు లోపలే ఉండిపోతున్నాడు. వారిద్దరి ఓటు హక్కుకు తేడా తెచ్చింది నేరం కాదు, జామీను.

ఇంతకన్నా విడ్డూరం ఆ సెక్షన్‌లోనే ఉంది. ముందస్తు నిర్బంధంలో, అంటే నేరం చేయవచ్చన్న అనుమానంతో విచారణ లేకుండానే ప్రభుత్వం లోపల పెట్టినవారికి ఈ నిషేధం వర్తించదని అక్కడే మినహాయింపు ఇచ్చారు. వారు పోస్టల్ బ్యాలెట్ ద్వారా ఓటు వేయవచ్చు. మన వాడుకలో చెప్పాలంటే, పీడీ (ముందస్తు నిర్బంధ) యాక్టు కింద గూండాగా ముద్ర వేసి లోపల పెట్టిన మనిషికి ఓటు ఉంది. నీటి మోటారు పోయిన కేసులో బెయిలు వచ్చి కూడా కదల్లేని కుర్రవాడికి లేదు. ముందస్తు నిర్బంధితుల ఓటును నేను తప్పుపట్టడం లేదు. ప్రభుత్వం తనకు గిట్టనివారిని నిర్బంధించి ఎన్నికలు జరిపించుకోకుండా ఆ మినహాయింపు కొంతైనా అడ్డుపడుతుంది. అదే న్యాయం రెండో మనిషికి ఎందుకు అందలేదన్నదే నా ప్రశ్న.

పోటీ చేసే హక్కు విషయంలో పార్లమెంటు చూపిన చురుకుదనం కూడా గమనించదగ్గది. ఓటు వేయలేనివాడు పోటీ కూడా చేయలేడని 2013 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే, జైల్లో ఉన్నంత మాత్రాన ఓటరు కాకుండా పోడంటూ ఆ ఏడాదే చట్టాన్ని సవరించారు. ఫలితంగా 2024లో తీహార్ జైల్లో విచారణ ఖైదీగా ఉన్న కశ్మీర్ నేత ఇంజనీర్ రషీద్ బారాముల్లా నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. లక్షల మంది ఓట్లు అడగడానికి అర్హత ఉన్న మనిషికి, చట్టం ప్రకారం తన ఓటు తాను వేసుకునే అర్హత లేదు. నాయకులకు అవసరమైన సవరణ నెలల్లో వచ్చింది కానీ, ఓటరుకు అవసరమైనది డెబ్బై ఏళ్లు దాటినా రాలేదు.

1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని సమర్థించిందన్న మాట నిజమే. ఖైదీలందరి చేత ఓటు వేయించాలంటే పోలీసు బందోబస్తు, వనరులు చాలవన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. కానీ ఆ తరువాత పరిస్థితి మారింది. 2024 ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారి ఇళ్లకు సిబ్బందే వెళ్లి ఓట్లు వేయించారు. అరుణాచల్‌ప్రదేశ్‌లోని మాలోగామ్‌లో ఉన్న ఒకే ఒక్క ఓటరు కోసం పోలింగు కేంద్రం పెట్టారు. అలాంటి యంత్రాంగానికి, మనుషులందరూ ఒకే గోడ మధ్య, హాజరు పట్టీలో పేర్లతో సహా ఉండే చోటికి నాలుగు పోస్టల్ బ్యాలెట్ కవర్లు పంపడం భారమవుతుందంటే నమ్మబుద్ధి కాదు. నేరస్థులను ఎన్నికల రంగానికి దూరంగా ఉంచాలన్న మరో కారణమైతే, విచారణ ఖైదీని ముందే నేరస్థుడిగా లెక్కగట్టడమే అవుతుంది.

జైల్లో ఓటుకు స్వేచ్ఛ ఉంటుందా, లోపలి పెద్దలో అధికారులో ఒత్తిడి చేయరా అని అడిగేవారి సందేహాన్ని నేను కొట్టిపారేయను. సెల్లులో ఎవరి మాట చెల్లుతుందో చూసినవాణ్ణే. అందుకే ఓటు గుర్తు పెట్టే గది జైలు సిబ్బంది చేతిలో కాక ఎన్నికల అధికారి చేతిలో ఉండాలి. ఖైదీల ఓట్లు వారి వారి సొంత నియోజకవర్గాలకు వెళతాయి కనుక, ఒక జైలు మొత్తం ఒక అభ్యర్థి తలరాత మార్చేస్తుందన్న భయానికి పెద్దగా తావు లేదు.

శిక్ష పడినవారి విషయంలో నా అభిప్రాయం ఇంత కచ్చితంగా లేదు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనూ 2004లోనూ ఖైదీల ఓటు హక్కును నిలబెట్టింది. కెనడా సుప్రీంకోర్టు కూడా 2002లో అదే దారి పట్టింది. మనం అంత దూరం వెళ్లాలా, శిక్షాకాలాన్ని బట్టి గీత గీయాలా అన్నది పార్లమెంటు కూర్చుని తేల్చవలసిన విషయం. విచారణ ఖైదీల సంగతి మాత్రం అంతవరకు ఆగనక్కరలేదు. ముందస్తు నిర్బంధితులకు ఇచ్చిన మినహాయింపులో మరొక మాట చేర్చి, ఎన్నికల నియమావళిని దానికి తగ్గట్టు సవరిస్తే సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలలో ఒక్కరైనా దీనిపై ప్రైవేటు సభ్యుల బిల్లు పెట్టాలని కోరుతున్నాను.

చట్టం మారకుండానే మీ పత్రిక చేయగల పని కూడా ఒకటుంది. జైలుకు వెళ్లి వచ్చినవాడికి జన్మలో ఓటుండదని మా ప్రాంతంలో చాలామంది నమ్ముతున్నారు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడినవారు విడుదలైన తరువాత మరో ఆరేళ్లు పోటీ చేయరాదన్న నిబంధనను ఓటుకు కూడా అంటగట్టడం వల్ల వచ్చిన పొరపాటు కావచ్చు. ఓటుపై ఉన్న ఈ నిషేధం లోపల ఉన్నంత కాలమే. విడుదలైన రోజే అది తొలగిపోతుంది. ఒక మనిషి జైల్లో ఉన్నంత మాత్రాన జైలును అతని నివాసంగా లెక్కించరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. అయినా "ఇంట్లో లేడు" అన్న ఒక్క మాట మీద ఓటరు జాబితా నుంచి పేరు కొట్టేయడం నా ఎరుకలోనే రెండు మూడు సార్లు జరిగింది. అలా పోయినవారు ఫారం 6తో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చునన్న సంగతి జాబితా సవరణ రోజుల్లో మీరు ఒక మూల ప్రచురించినా ఎందరికో ఉపయోగపడుతుంది.

ఆ యువకుడు జూన్‌లో బయటికి వచ్చాడు. జాబితాలో అతని పేరు ఉందో లేదోనని మొన్న నేనే వెదికి చూశాను. ఉంది.

భవదీయుడు,
ఒక పారా లీగల్ వాలంటీరు, విశ్రాంత ఉపాధ్యాయుడు