పేరు చెప్పని ఆ రివ్యూయర్ గారికి

లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో నా మొదటి ప్యాచ్ (కోడ్‌లో చేసిన సవరణ) చేరిందంటే ఆ పుణ్యం, అలాంటి సవరణల్ని పరిశీలించే ఒక రివ్యూయర్ గారిది. నా పాత లాప్‌టాప్‌లో బిల్డ్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) పెడితే రాత్రంతా ఫ్యాన్ మోత, తెల్లారేసరికి తెరనిండా ఎర్రర్లు. అడగాలంటే మొహమాటం.

ఆయన విసుక్కోలేదు. చివరి ఎర్రర్ వదిలేసి లాగ్‌లో, అంటే బిల్డ్ రాసిపెట్టే చిట్టాలో, మొట్టమొదటిది చూడమన్నారు. నా సిస్టమ్‌లో బిల్డ్‌కి కావాల్సిన ఒక ప్యాకేజీ లేదు, అంతే! తర్వాత కొత్తవాళ్ల కోసం ఉంచే ‘ఈజీ హ్యాక్స్’లోంచి ఒక బగ్ చూపించారు. తలుచుకుంటే ఐదు నిమిషాల్లో ఆయనే సరిచేసేవారు. చేయలేదు. ఏ ఫైల్లో, ఏ ఫంక్షన్ దగ్గర వెతకాలో మాత్రం రాసి, మిగతాది నాకు వదిలేశారు. కోడ్ రివ్యూలు జరిగే గెరిట్‌లో ఆమోదంగా ప్లస్ టూ పెట్టేముందు అదనపు స్పేసులు కూడా తీయించారనుకోండి!

ఆయనకి తెలుగు రాదు. అయినా సరే, వెయ్యి దండాలండీ.